కలెక్టర్ కోసం ఆటల పోటీ

2006 ఏప్రిల్ 9, ఆదివారం

నిన్న ఎముకల డాక్టర్ గారు ఖచ్చితంగా చెప్పేశారు, కుక్క, అదే మా కలెక్టర్, ఇంట్లో ఉండకూడదని. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఈయనకి మళ్ళీ చెప్పాను, విన్నారుగా, కలెక్టర్‌ని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు అని. ఊఁ అన్నారు. ముప్పై నాలుగేళ్ళు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదీ ఊదీ ఈయనకి సగం మాటే వినపడుతుంది. మిగిలిన సగాన్ని పంజాగుట్ట రోడ్డు తవ్వకాల మోత మింగేసింది.

ఫిబ్రవరిలో బాత్రూంలోంచి వస్తూ, గడప దగ్గర పడుకున్న కలెక్టర్‌ని దాటబోయి పడ్డారు. తుంటి విరిగింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని గది ఆ చివరి దాకా నడుస్తారు. కలెక్టర్ ఆ వాకర్ కాళ్ళ మధ్యలోంచే దూరి నడుస్తాడు. యజమానికి తోడు వెళ్తున్నానని వాడి ఉద్దేశం. ఇంకోసారి పడితే లేపడానికి నాలో బలం లేదు. యాభై మూడేళ్ళు నాకు.

పొద్దున్నే ఆయన్ని లేపి కూర్చోబెట్టడం, వేడినీళ్ళు, బట్టలు, టిఫిను, మందులు. తర్వాత అమీర్‌పేట ఆఫీసు. మధ్యాహ్నం అన్నం పెట్టడానికి ఇంటికి పరుగు, మళ్ళీ ఆఫీసు. వీటి మధ్య వాణ్ణి బయట తిప్పాలి, వాడి వెంట్రుకలు ఊడవాలి, వాడికి విడిగా అన్నం వండాలి. వాణ్ణి పంపేది అందుకని కాదు. డాక్టర్ గారు చెప్పారు కాబట్టి.

ఏప్రిల్ 12, బుధవారం

ఆఫీసులో రాస్తున్నాను. ఇప్పుడే వనిత అనే అమ్మాయి రెజ్యూమె పూర్తయింది. కరీంనగర్ దగ్గర పల్లె. డిగ్రీ అయి ఏడు నెలలు, మా పక్క మెట్లెక్కితే ఉండే ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నలభై రోజులు. నేను మూడేళ్ళ అనుభవం రాశాను. ప్రాజెక్టు పేరు, అందులో ఈ పిల్ల చేసిన పని, క్లయింటు మెచ్చుకున్న మాట, అన్నీ రాశాను. పిల్ల చదువుకుని, "ఆంటీ, గిదంతా నేనేనా?" అంది. నువ్వే, రెండు వారాలు బట్టీ పట్టు అన్నాను.

ఈ ఉద్యోగాల కన్సల్టెన్సీలో తొమ్మిదేళ్ళుగా నా పని ఇదే. ఉన్నదానికి కొంచెం కలపడం. పూర్తిగా లేనిది నేను ఎప్పుడూ రాయను.

ఏప్రిల్ 16, ఆదివారం

కలెక్టర్‌ని ఎవరూ తీసుకోరు. ఈ వారంలో పదకొండు మందిని అడిగాను. జాతి ఏంటని అడుగుతారు. ఊరకుక్క అంటే నవ్వుతారు. తొమ్మిదేళ్ళంటే ఆ నవ్వు కూడా ఆగిపోతుంది.

ఫణీంద్ర ఫోన్ చేశాడు. నేను రాసిన మొదటి మూడేళ్ళ అనుభవం అతనిదే. ఇప్పుడు అతనే పిల్లల్ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చేస్తాడు, బంజారా హిల్స్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పండగలకీ పబ్బాలకీ ఫోన్ చేసే విశ్వాసం ఉంది. కుక్క సంగతి చెబితే ఒక ఉపాయం చెప్పాడు. వాళ్ళ ఆఫీసులో సగం మందికి కుక్క గానీ పిల్లి గానీ ఉందట, వాటికి పుట్టినరోజులు చేసి కేకులు కోయిస్తున్నారట. కానీ అందరివీ ఫ్లాట్లే, అవి పరిగెత్తడానికి చోటు లేదు. మీకు పెరడుంది కదా మేడం, ఒక సాయంత్రం అందరినీ పిలవండి, వచ్చినవాళ్ళు మీవాణ్ణి చూస్తారు, ఎవరికో ఒకరికి నచ్చకపోడు అన్నాడు.

మూలిగే నక్క మీద తాటికాయ పడటం అంటే ఇదే. ఉన్న పని చాలనట్టు కుక్కలకి విందు. చెప్పేశాను, నావల్ల కాదని.

వసారాలో మంచం మీంచి ఈయన ఈ ఫోన్ మాత్రం మొత్తం విన్నారు. "ఊరికే పిలవడమేంటి, ఆటలు పెట్టు. నేను చేయిస్తాను," అన్నారు. ఫిబ్రవరి తర్వాత ఈయన నోట్లోంచి మందు, నీళ్ళు, దిండు కాకుండా వచ్చిన మొదటి మాట. ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 17

ఈల అడిగారు. ఏ పెట్టెలో పెట్టానో గుర్తులేదు. రేపు కొత్తది కొంటాను.

ఏప్రిల్ 20, గురువారం

పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నారు, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా. కలెక్టర్‌కి శిక్షణ. పై వాటాలో ఉండే మా ఇంటి ఓనరు రాజనర్సయ్య గారిని కూడా పనిలోకి దింపారు. ఆయన గోడవారన బిస్కెట్ పట్టుకుని నిలబడాలి, ఈల ఊదాలి. కలెక్టర్ ఈయన్ని వదిలి ఆ ఈల దగ్గరికి పరిగెత్తాలి. రాజనర్సయ్య గారు నన్ను చూసి, "ఏందమ్మా గిది, మనుషుల ఆటలకే దిక్కు లేకపాయె, కుక్కలకు పోటీలా," అన్నారు. అని మళ్ళీ గోడవారకే వెళ్ళి నిలబడ్డారు.

మొదట కలెక్టర్ సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చేవాడు. ఇవాళ మూడుసార్లు వెళ్ళాడు. ఈయన నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు కోపం వచ్చింది, ఎందుకో తెలీదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

కుక్క ఉండకపోతే మంచిదనే కదా డాక్టర్ గారు అన్నది. మంచిది అంటే పంపెయ్యమనే. ఏ డాక్టరూ మొహం మీద చెప్పడు.

ఏప్రిల్ 26, బుధవారం

వచ్చేవాళ్ళందరికీ ముందే మెయిల్ పంపాలని ఫణీంద్ర అన్నాడు. మధ్యాహ్నం ఆఫీసులో కలెక్టర్ రెజ్యూమె రాశాను. మనుషులకి ఏళ్ళు కలుపుతాను, వీడికి తీసేయాల్సి వచ్చింది. తొమ్మిది తీసేసి అయిదు చేశాను. "పిల్లలతో సహనం" అని రాశాను. మా ఇంట్లో పిల్లలే లేరు. "అపరిచితులను గుర్తించడంలో నేర్పు" అని రాశాను. వాడు పోస్టుమాన్‌కీ గ్యాస్ బండి అతనికీ ఒకేలా తోక ఊపుతాడు. దీపావళికి మంచం కింద దూరి రెండు రోజులు బయటికి రాని సంగతి వదిలేశాను. అన్నం ఈయన చేత్తో పెడితేనే తింటాడన్నదీ వదిలేశాను.

పేరెందుకు అలా పెట్టారో రాద్దామనుకుని రాయలేదు. పిల్లలు లేని ఇంట్లో ఒకడైనా కలెక్టర్ అయ్యాడని ఈయన స్కూలంతా చెప్పుకునేవారు.

చివర్లో, ప్రస్తుత చోటు వదలడానికి కారణం అన్న గడి ఉంటుంది. "యజమాని ఆరోగ్యరీత్యా, వైద్యుల సలహా మేరకు" అని రాశాను. రాసి చాలాసేపు చూశాను. పంపేశాను.

మే 1

ఎండ. ఈయన వీపు మీద పొక్కులు. పక్క మార్చి పడుకోబెడదామంటే కలెక్టర్ అడ్డంగా పడుకుని లేవలేదు. తన్నాను. గట్టిగా కాదు.

మే 6, శనివారం

రేపే. బేగంబజారు నుంచి మూడు ప్లాస్టిక్ తొట్లు, అమీర్‌పేటలో ఎనిమిది రంగుల రిబ్బన్లు. లచ్చమ్మ గారు, అంటే రాజనర్సయ్య గారి భార్య, మేడ మీంచి దిగొచ్చి రిబ్బన్లు చూసి, "మా కోడి సుత ఉరుకుతది, దాని పేరు సుత రాసుకోమ్మా," అంది. ఈయన నిజంగానే రాసుకున్నారు. ఆరో నంబరు, పసుపు.

సున్నంతో గీతలు గీయించారు. విజేతలు నిలబడే మెట్లు ఇటుకల మీద పలకలు పెట్టి కట్టించారు. నాకు నడుం పట్టేసింది. అయినా ఈయన ఇవాళ గుక్క తిప్పుకోకుండా పది నిమిషాలు మాట్లాడారు.

మే 8, సోమవారం

సెలవు పెట్టాను. నిన్నటి సంగతి రాయాలి, లేకపోతే నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను.

అయిదున్నరకి వచ్చారు. అయిదు కుక్కలు, ఒక తెల్ల పిల్లి, లచ్చమ్మ గారి కోడి, మావాడు. ఒక పొమేరియన్‌కి దాని యజమానురాలు టోపీ పెట్టి, చిన్న పంకా పట్టుకుని వెంట నడిచింది. నాకు విసిరేవాళ్ళు ఎవరూ లేరు, ఈ కుక్కకి ఉన్నారు అనుకున్నాను. తొట్లలో నీళ్ళు పోసి ఐసు ముక్కలు వేస్తే కుక్కలన్నీ పోటీ సంగతి మర్చిపోయి అందులో పడ్డాయి. వాటిని బయటికి లాగి రిబ్బన్లు కట్టేసరికి నా చీర మోకాళ్ళ దాకా తడిసింది.

ఈయన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేయమన్నారు. ఎప్పటి బట్టలో, ఇప్పుడు ఇద్దరు పడతారు అందులో. కుర్చీలో నిటారుగా కూర్చుని ఈల ఊదితే పెరట్లో అందరూ ఈయన వైపు తిరిగారు. ముందు కవాతు. అందరూ తమ జంతువుల్ని పట్టుకుని ఈయన ముందు నుంచి నడిచారు. ఈయన వందనం స్వీకరించారు. సాఫ్ట్‌వేరు వాళ్ళు నవ్వుకుంటూనే సరిగ్గా నడిచారు.

పరుగుపందెంలో పిల్లి బుట్ట దిగలేదు. పొమేరియన్ గీత దగ్గరే కూర్చుంది. లాబ్రడార్ అడ్డంగా పరిగెత్తి సమోసాల పళ్ళెం మీదికి వెళ్ళింది. కోడి మాత్రం బెదిరిపోయి తిన్నగా పరిగెత్తి మొదట వచ్చింది. లచ్చమ్మ గారు దాన్ని పలక మీద నిలబెట్టి పట్టుకుంటే అందరూ ఫొటోలు తీసుకున్నారు. చాలా రోజులకి నేనూ నవ్వాను. నవ్వుతుంటే పక్కటెముకలు నొప్పెట్టాయి.

తర్వాత పిలుపు పందెం. ఎవరు ఈల ఊదితే వాళ్ళ దగ్గరికి రావాలి. ఫణీంద్ర, అతని భార్య ధాత్రి, వాళ్ళ అమ్మాయి హైందవి అప్పటికే కలెక్టర్ చుట్టూ తిరుగుతున్నారు. హైందవికి ఎనిమిదేళ్ళు. ఈయన ఆ పిల్లని పిలిచి, తన మెడలో ఈల తీసి దాని మెడలో వేశారు. గోడ దగ్గరికి వెళ్ళి ఊదమన్నారు.

ఊదింది. కలెక్టర్ లేచాడు, గోడ వైపు చూశాడు. చూసి, వచ్చి ఈయన వాకర్ కాళ్ళ మధ్యన పడుకున్నాడు. మూడు వారాలు నేర్పినదంతా ఏట్లో కలిసింది. అందరూ అయ్యో అని నవ్వారు. పిల్ల మళ్ళీ ఊదింది. వాడు తల కూడా ఎత్తలేదు.

అప్పుడు ఈయన "పో" అన్నారు. వాణ్ణి తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కసరలేదు. వాడు కదల్లేదు. "కలెక్టర్, పో," అని స్కూలు మైదానంలో అరిచినట్టు అరిచారు. ఆ గొంతు ఇంకా ఉందని నాకు తెలీదు. వాడు లేచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, వెనక్కి చూసుకుంటూ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతిలో సమోసాల పళ్ళెం కూడా లేక, ఏం చెయ్యాలో తోచక.

వెళ్ళేటప్పుడు ఫణీంద్ర, "మీ రెజ్యూమెలో ఎంత తీసెయ్యాలో నాకు తెలుసు మేడం. అయినా తీసుకెళ్తాం, హైందవి వదలనంటోంది," అన్నాడు. కారు వెనక సీట్లో కలెక్టర్, ఆ పిల్ల. ఈయన తనని లోపలికి తీసుకెళ్ళమన్నారు. కారు కదిలేదాకా ఆగలేదు.

మే 9

ఇల్లు శుభ్రంగా ఉంది.

మే 10

ఇల్లు శుభ్రంగా ఉంది. గదిలో ఈయన వాకర్ పట్టుకుని ఆ చివరి దాకా వెళ్ళి వచ్చారు, అడ్డం ఎవరూ లేరు. మాట మాత్రం మళ్ళీ మందు, నీళ్ళు, దిండు.

కలెక్టర్ అన్నం తినట్లేదని ధాత్రి ఫోన్ చేసింది. అలవాటవుతుందిలే అన్నాను. ఈయనకి చెప్పలేదు.

మే 12, శుక్రవారం

వనిత వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చి పదిహేను రోజులట. మిఠాయి తెచ్చిందేమో అనుకున్నాను. నా బల్ల ముందు కూర్చుని ఏడ్చింది. మూడేళ్ళ నుంచి చేస్తున్నానని చెప్పిన పని పక్కవాణ్ణి అడగాల్సి వస్తోందట. "మీకేం ఫికర్ లేదు ఆంటీ, రాసిచ్చిండ్రు, అయిపోయింది. నేను దాని లోపల ఉండాలె," అంది.

మంచినీళ్ళు ఇచ్చి పంపాను. తర్వాత ఒక్క రెజ్యూమె కూడా ముందుకి సాగలేదు.

ఆ రోజు డాక్టర్ గారు ఎక్స్‌రే చూస్తూ, వేరే పేషెంటు కాగితం మీద సంతకం పెడుతూ అన్న మాట ఇది. "ఇంట్లో తడి, కాళ్ళకి అడ్డంపడే పట్టాలు, కుక్క, ఇవన్నీ కాస్త చూసుకోండమ్మా." అంతే. చూసుకోండి. అలసిపోయిన నా చెవి ఆ మాటకి మూడేళ్ళ అనుభవం కలిపేసింది. చెవి కాదు, నేను. పట్టాలు చుట్టి అటక మీద పెట్టాను, తడి తుడిచాను. ఆ రెండింటికీ ఎవరి సలహా పేరూ చెప్పలేదు.

నాకు వాడంటే ఇష్టం లేక కాదు. నాకు ఒక్క పని తగ్గాలి. ఎవరైనా ఒక్క పని నా చేతిలోంచి తీసుకోవాలి. ఎవరూ తీసుకోరు కాబట్టి వాణ్ణి తీసేశాను. ఇది రాయడానికి నెల పట్టింది.

మే 13, శనివారం

ఈయన కాలిగోళ్ళు తీస్తూ చెప్పాను. మొహం చూడకుండా చెప్పాలంటే అదొక్కటే వీలైన పని.

డాక్టర్ గారు కలెక్టర్‌ని ఇచ్చెయ్యమనలేదండీ అన్నాను. చూసుకోమన్నారంతే. నేనే ఇచ్చెయ్యమన్నారని చెప్పాను.

వినపడలేదేమో అనుకుని, గట్టిగా చెప్పడానికి నోరు తెరిచాను.

"నేనూ ఆ గదిలోనే ఉన్నాను కదా సీతా," అన్నారు.

కత్తెర పక్కన పెట్టేశాను. మరి ఆటోలో ఊఁ అన్నారేంటి, అంత శిక్షణ ఎందుకిచ్చారు, ఎందుకు అరిచి పంపారు, ఒక్కమాట అడిగితే ఏం పోయేది అన్నాను. నా గొంతులో ఏడుపుందో కోపముందో నాకే తెలీలేదు.

"ఇద్దరికి చెయ్యలేకపోతున్నావు," అన్నారు. "ఒకళ్ళు తగ్గితే నీకు తేలిక అనుకున్నాను. నేను తగ్గడం నా చేతిలో లేదు."

ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. మూడు గోళ్ళు మిగిలిపోయాయి.

మే 14, ఆదివారం

లచ్చమ్మ గారిని ఈయన దగ్గర కూర్చోమని చెప్పి బంజారా హిల్స్ వెళ్ళాను. దారంతా చెప్పవలసింది బట్టీ పట్టాను. నేను రాసిందంతా అబద్ధం, వాడికి తొమ్మిదేళ్ళు, చేత్తో పెడితేనే తింటాడు, టపాకాయలకి మంచం కింద దూరతాడు, వాణ్ణి నాకు ఇచ్చెయ్యండి.

తలుపు తియ్యగానే కలెక్టర్ వచ్చి నా కాళ్ళ చుట్టూ తిరిగాడు. చీర వాసన చూశాడు, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని గుమ్మం బయటికి తల పెట్టి చూశాడు. లేరని తెలిశాక లోపలికి వెళ్ళిపోయాడు. ధాత్రి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మూడు రోజులు ఏమీ తినలేదట. నాలుగో రోజు హైందవి కంచంలోంచి పెరుగన్నం ముద్ద తీసి చేత్తో పెడితే తిన్నాడట, అప్పట్నుంచి ఆ పిల్ల చేతి ముద్దే.

"మీవాడికి తొమ్మిదేళ్ళుంటాయని వెటర్నరీ డాక్టర్ చెప్పాడు మేడం," అని ఫణీంద్ర నవ్వాడు. "పర్లేదు, నాకు మూడేళ్ళ అనుభవం ఉందనే కదా ఉద్యోగం ఇచ్చారు."

హైందవి నేల మీద బొమ్మలు వేసుకుంటోంది. వాడు వెళ్ళి దాని మడమలకి ఆనుకుని పడుకున్నాడు. ఆ పిల్ల చూడకుండానే కాలు జరిపి చోటిచ్చింది.

అడగలేదు. వాణ్ణి ఇంటికి తీసుకొస్తే ఆ వాకర్ మధ్యలోంచి మళ్ళీ దూరతాడు, నేను మళ్ళీ తన్నుతాను. ఈసారి మెల్లిగా తన్నను. అది నాకు తెలుసు. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఈయన గుమ్మం వైపే చూస్తున్నారు. ఒక్కదాన్నే రావడం చూసి కళ్ళు దించుకున్నారు. అన్నం తింటున్నాడు, ఆ పిల్ల చేత్తో పెడుతోంది అని చెప్పాను. అయితే సరే అన్నారు.

లచ్చమ్మ గారు పైకి వెళ్ళిపోయింది. ఈయన బాత్రూంకి వెళ్ళాలన్నారు, లేపమని రెండు చేతులూ చాచారు. నేను రోజూలాగే వంగాను. వంగి, ఆగిపోయి, "అలసిపోయానండీ," అన్నాను.

ముప్పై ఏళ్ళలో ఈ మాట డాక్టర్ల పేరు మీదో, ఆఫీసు పేరు మీదో చెప్పానేమో గానీ నా పేరు మీద ఎప్పుడూ చెప్పలేదు. ఈయన చాచిన చేతులు దించారు. మంచం మీద కాస్త జరిగారు.

"కూర్చో," అన్నారు. "నాకేం తొందర లేదు."

కూర్చున్నాను.